అగ్నిలో తిరుగు రెక్క

హైదరాబాదునుండి వాడి వైపు పోవు రైలుమార్గమున వికారాబాదు, తాండూరు అను పట్టణములు గలవు. వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో మూసీనది పుట్టుచున్నది. తాండూరు నాపరాతికి ప్రసిద్ధి. అచ్చటి గనులలో పనివారు రాతిపొరల నడుమ ఉలి నిలిపి సమ్మెటతో మోదగా బండలు పలకలు పలకలుగా ఊడివచ్చును. ఇండ్లలో నేలకు పరచెడి తాండూరు బండలు ఇవియే.

ఆ ప్రాంతపు సున్నపురాతితోనే సిమెంటు కర్మాగారములు నడచుచున్నవి. సిమెంటు బట్టీలో రాతిపొడి సుమారు 1450 డిగ్రీల వేడిలో కాలి గట్టి ఉండలుగా మారును. బట్టీ యనగా ఒక పెద్ద ఉక్కుగొట్టము. దాని లోపల అగ్నిని తట్టుకొను ఇటుకలను పేర్చుదురు. అది నిమిషమునకు కొన్ని చుట్లు మాత్రమే మెల్లగా తిరుగును. ఇటుకలు ఊడిపోయినచో ఉక్కు ఎఱ్ఱగా కాలి వంగిపోవును.

ఇంచుమించు అంతటి వేడిలో, ఒక్కొక్కప్పుడు అంతకు మించిన వేడిలో, ఇటుకల రక్షణ లేకయే నిమిషమునకు పదివేల చుట్లకు పైగా తిరుగవలసిన లోహపురెక్క ఒకటి గలదు. అది యుద్ధవిమానపు జెట్ ఇంజనులోని టర్బైను రెక్క. ఒక దేశము తన యుద్ధవిమానమునకు తానే ఇంజనును చేసికొనగలదా లేదా యను ప్రశ్న చాలవరకు ఈ చిన్నరెక్కపై ఆధారపడియున్నది.

జెట్ ఇంజను పనిచేయు విధము తెలిసికొనుట కష్టము కాదు. ముందుభాగమున గాలి లోనికి వచ్చును. కంప్రెసరు ఆ గాలిని గట్టిగా అదుమును. అదుమబడిన గాలిలో ఇంధనము మండును. అందువలన పుట్టిన వేడివాయువులు టర్బైను రెక్కలను త్రిప్పి, వెనుకనుండి మహావేగముతో వెలువడును. ఆ వాయువులు వెనుకకు పోవు విసురునకు విమానము ముందునకు సాగును. టర్బైను తిరుగుటచేతనే ముందున్న కంప్రెసరును తిరుగుచుండును. ఆంగ్లేయుడైన ఫ్రాంక్ విటిల్ 1930లోనే ఇట్టి ఇంజనుకు పేటెంటు కోరుచు దరఖాస్తు చేసెను. 1939 ఆగస్టు 27న జర్మనీలో జెట్ విమానము మొదటిసారిగా ఎగిరెను.

సూత్రము సులభమే, దానికి తగిన లోహమును సాధించుటయే దుష్కరము. రెక్కలను నికెలు ప్రధానముగా గల మిశ్రలోహముతో చేయుదురు. అది సుమారు 1300 డిగ్రీల పైన కరుగును. రెక్కను చుట్టుముట్టు వాయువు అంతకంటె వేడిగా ఉండును. కావున రెక్క లోపల సన్నని దారులు ఏర్పరచి, కంప్రెసరునుండి తీసిన గాలిని వానిలోనికి పంపుదురు. రెక్క పైభాగమున పింగాణివంటి పదార్థమును పలుచగా పూయుదురు. ఇంత చేసినను మఱియొక చిక్కు మిగిలియుండును. వేగముగా తిరుగునప్పుడు చిన్నరెక్కను సయితము టన్నులకొలది బలము వెలుపలికి లాగుచుండును. ఆ లాగుడునకు రెక్క వెండ్రుకవాసి సాగినను ఇంజనుకు ముప్పే.

ఇట్టి ఇంజను లేమిచే మనదేశము పడిన ఇక్కట్లు చిన్నవి కావు. బెంగుళూరులో కుర్ట్ టాంక్ అను జర్మను నిపుణుని నాయకత్వమున మారుత్ అను యుద్ధవిమానమును నిర్మించిరి. అది 1961 జూన్ 17న మొదటిసారిగా ఎగిరెను. ధ్వనివేగమునకు రెట్టింపు వేగమున పోగలుగునట్లు దానిని తలపెట్టిరి. అందుకు కావలసిన శక్తిగల ఇంజను బ్రిటనులో తయారగుచుండగా ఆ పని మధ్యలోనే నిలిచిపోయెను. ఈజిప్టువారి ఇంజనుతో చేసిన ప్రయత్నమును ఫలింపలేదు. తక్కువ శక్తిగల ఇంజనుతోనే మారుత్ సరిపెట్టుకొనవలసి వచ్చెను. 1971 యుద్ధమున రాజస్థాన్ ఎడారిలో అది మంచి పేరు తెచ్చుకొన్నను, తలచిన వేగమును ఎన్నడును అందుకొనలేదు.

ఆ అనుభవముతో 1989లో కావేరి ఇంజను పథకమునకు అనుమతి లభించెను. బెంగుళూరులోని శాస్త్రజ్ఞులు ఏండ్లతరబడి శ్రమించిరి. 2010లో రష్యాలో ఒక పెద్ద విమానమునకు అమర్చి కావేరిని ఆకాశమున పరీక్షించిరి. కాని తేజస్ విమానమునకు కావలసిన బలము అది ఈయలేకపోయెను. 2008లోనే తేజస్ పథకమునుండి దానిని వేరుచేసిరి. 2001 జనవరి 4న తేజస్ తొలిసారి ఎగిరినప్పుడు దానిలోనిది అమెరికా ఇంజనే.

ఇతరులయొద్ద కొనవచ్చును గదా యని కొందఱందురు. కొన్నవాడు అమ్మువాని వీలునకు లోబడవలెను. 1998లో పోఖరన్ పరీక్షల తరువాత అమెరికా ఆంక్షలు విధింపగా తేజస్ పని కుంటువడెను. 2021లో 99 ఇంజనులు కావలెనని అమెరికా సంస్థను కోరగా, వానిలో మొదటిది 2025 మార్చిలో చేరెను. పరదేశపు నమూనాను తెచ్చి మనయొద్ద తయారుచేయుటయు గలదు. ఒరిస్సాలోని కోరాపుట్టులో రష్యా ఇంజనులు అట్లే తయారగుచున్నవి. కాని నమూనా చూచి చేయుట వేరు, కొత్తదానిని కనుగొనుట వేరు. ఏ లోహమును ఏల కలిపిరో, ఎన్ని రెక్కలు విరిగిన పిమ్మట అది తెలిసినదో ఆ పటములలో ఉండదు. ఆ రహస్యమును ఏ దేశమును సులభముగా అమ్మదు.

ఆ రహస్యమును ఛేదించు పని, మూసీ ప్రవహించు హైదరాబాదు నగరముననే జరుగుచున్నది. 1963లో నెలకొన్న రక్షణ లోహ పరిశోధనశాల కంచన్‌బాగులో గలదు. దాని చెంతనే 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్ ప్రత్యేక లోహములను తయారుచేయుచున్నది. సాధారణ లోహము అసంఖ్యాకములైన చిన్నచిన్న రేణువుల కూడిక. తాండూరు బండ పొరల సందున విడిపోవునట్లే, తీవ్రమైన వేడిలో లోహమును రేణువుల సందుననే జాఱి విడిపోవును. సందే లేనిచో విడిపోవుటకు తావెక్కడిది? కావున రెక్కనంతటిని ఒకే స్ఫటికముగా పోతపోయుదురు. కరిగిన లోహమును మూసలో పోసి క్రిందినుండి పైకి మెల్లమెల్లగా చల్లార్తురు. దారిలో మెలికలు తిరిగిన సన్ననిగొట్టము ఒకటి యుండును. పెక్కు స్ఫటికములు పోటీపడి పెరుగుచు రాగా, ఒక్కటి మాత్రమే దానిని దాటి పైకి పోయి రెక్కయంతయు నిండును. 2021లో ఈ పరిశోధనశాల ఇట్టి 60 రెక్కలను హెలికాప్టరు ఇంజను కొఱకు హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థకు అందించెను. ఆ యేడే కఠినమైన టైటానియము మిశ్రమముతో కంప్రెసరు చక్రములను చేయు విధానమును సాధించినట్లు ప్రకటించెను.

ఇది గొప్ప ముందడుగే కాని గమ్యము కాదు. హెలికాప్టరు రెక్క సిద్ధమైనంతమాత్రమున యుద్ధవిమానపు ఇంజను సిద్ధమైనట్లు కాదు. వేలగంటలు పరీక్షింపవలెను, విరిగిన ప్రతి రెక్కను పరిశీలించి, అది ఏల విరిగెనో తెలిసికొనవలెను. ఇంజనును ధనముతో కొనవచ్చును. ఆ తెలివిని మాత్రము శ్రమతోను, ఓర్పుతోను ఎవరికి వారే సంపాదించుకొనవలెను.