ఉచితం - స్వేచ్ఛ

ఆంగ్లంలో 'ఫ్రీ' అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి వెల లేనిది, రెండవది బంధనాలు లేనిది. తెలుగులో ఈ రెంటికీ వేర్వేరు పదాలున్నాయి: ఉచితం, స్వేచ్ఛ. కంప్యూటరు వాడే ప్రతి విద్యార్థి ఈ భేదాన్ని గ్రహించాలి.

1983లో అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ 'గ్నూ' ప్రణాళికను ప్రకటించాడు. సాఫ్ట్‌వేరును ఇష్టానుసారం వాడుకోవడం, దాని నిర్మాణాన్ని పరిశీలించడం, మార్చుకోవడం, ఇతరులకు పంచడం అనే నాలుగు హక్కులను ఇచ్చేదే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఉత్తరాలు, లెక్కల పట్టికలు తయారుచేసుకొనేందుకు లిబ్రెఆఫీస్, అంతర్జాల వీక్షణకు ఫైర్‌ఫాక్స్, పాటలకు, చలనచిత్రాలకు వి.ఎల్.సి. ఈ కోవకు చెందినవే.

వెల లేనిదంతా స్వేచ్ఛ కాదు. ఆర్కుట్ ఉచిత సేవే. అయినా 2014లో యజమాని సంస్థ దానిని మూసివేసినప్పుడు, కొనసాగించుకొనే హక్కు వాడుకరులకు లేకపోయింది.

2003లో ప్రారంభమైన తెలుగు వికీపీడియా ఇందుకు భిన్నమైనది. అందులో ఎవరైనా రాయవచ్చు, దిద్దవచ్చు. నిజామాబాద్ జిల్లా బీర్కూర్ మండలంలోని గ్రామమైన నస్రుల్లాబాద్, 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లాలో మండల కేంద్రమైంది. ఇటువంటి మార్పు అచ్చు పుస్తకాలకెక్కడానికి ఏళ్లు పట్టవచ్చు. వికీపీడియాలో మాత్రం ఆ ఊరి విద్యార్థే ఆధారం చూపి, ఆనాడే సరిదిద్దగలడు. ఆంగ్ల మీటలతో తెలుగు రాయడానికి తోడ్పడే 'లేఖిని' అతనికి ఉచితంగా లభిస్తుంది.

ఉచితం మన డబ్బును మిగులుస్తుంది. స్వేచ్ఛ మన హక్కును నిలుపుతుంది.

ప్రశ్నలు
1. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇచ్చే నాలుగు హక్కులేవి?
2. ఉచితానికి, స్వేచ్ఛకు గల భేదాన్ని సోదాహరణంగా వివరించండి.