మెట్ల మీద ఒక చేయి ఖాళీగా ఉంచుకోండి



ఆసుపత్రి ఉద్యోగికి ప్రమాదమంటే సూది గుచ్చుకోవడమో, జబ్బు అంటుకోవడమో అనుకుంటారు. మెట్లను ఎవరూ లెక్కచేయరు.

నేను లోగడ పనిచేసిన ఒక ఆసుపత్రిలో, నైట్ డ్యూటీ ముగిసే వేళ ఒక స్టాఫ్ నర్సు రెండు చేతులతో శాంపిళ్ల ట్రే పట్టుకొని దిగుతోంది. క్రింద అప్పుడే ఫినాయిల్ నీళ్లతో తుడిచారు. మెట్లు అయిపోయాయనుకొని అడుగు వేసింది. ఇంకొకటి మిగిలి ఉంది. వెన్నుపూస విరిగింది. క్రింద నుండి "త్వరగా తీసుకురామ్మా" అని కేక వేసినది నేనే. పైగా నర్సులమై ఉండి, చంకల క్రింద చేతులు వేసి లేపి కుర్చీలో కూర్చోబెట్టాము! దేవుని కృప, కాళ్లు పడిపోలేదు. కాని ఆమె మళ్లీ వార్డు పని చేయలేకపోయింది.

రెండు మూడు మెట్లు దిగేసరికి కాలు ఆ ఎత్తుకు అలవాటుపడుతుంది, కన్ను చూడటం మానేస్తుంది. అందుకే ఒక మెట్టు కొంచెం ఎక్కువ తక్కువగా ఉన్నా అడుగు తప్పుతుంది. చేతుల నిండా సామాను ఉంటే పాదము కనబడదు, పడబోతే కమ్మీ అందదు.

ద్వితీయోపదేశకాండము 22:8లో మిద్దెకు పిట్టగోడ కట్టించే బాధ్యత ఇంటి యజమానిదే, పడినవానిది కాదు. కాబట్టి మా ప్రమాదాల రిజిస్టరులో "అజాగ్రత్త" అని వ్రాయనివ్వను. తడి ఉన్నదా, బల్బు వెలిగిందా, చేతిలో ఏమున్నది, ఎవరు తొందరపెట్టారు, ఇవి వ్రాయమంటాను.

మీతో కూడ ఒక మనవి. రోగిని చూడవచ్చినవారు మెట్ల మీద కూర్చొని క్యారియర్ విప్పుతారు. అప్పుడు మా పిల్లలు కమ్మీ వదలి మధ్యగా దిగవలసి వస్తుంది. చంకన బిడ్డ ఉంటే సంచి ఇంకొకరికి ఇవ్వండి. చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకోండి.

ఇంటిలో ఎవరైనా మెట్ల మీద నుండి పడితే వెంటనే లేపవద్దు, నీళ్లు త్రాగించవద్దు. మెడ, నడుము నొప్పి ఉన్నా, కాళ్లు తిమ్మిరెక్కినా కదపకుండా 108కు ఫోను చేయండి. వృద్ధులలో ఒక కాలు పొట్టిగా, పాదము బయటకు తిరిగి ఉంటే తుంటి ఎముక విరిగి ఉండవచ్చు. తలకు దెబ్బ తగిలాక వాంతులు, మత్తు, ఫిట్స్ వస్తే ఆలస్యము చేయవద్దు. రక్తము పలుచబడే మందులు వాడేవారైతే బాగానే ఉన్నట్లు కనబడినా డాక్టరుకు చూపించాలి.

మన ఆసుపత్రి మెట్ల మీద తడి గాని, వెలగని బల్బు గాని కనబడితే ఎదురైన ఏ సిస్టరుకైనా చెప్పండి.