పాఠం 9: రైలు ఊరు – మన ఆరోగ్యం

9.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• రైల్వే వైద్య సదుపాయం ఎవరికి వర్తిస్తుందో చెప్పగలుగుతారు;
• క్షయ లక్షణాలను గుర్తించగలుగుతారు;
• మీ బాధను బెంగాలీలో డాక్టరుకు చెప్పగలుగుతారు.

9.2 పరిచయం

ఆమదాలవలసలో హౌరా వైపు వెళ్లే రైలెక్కితే దారిలో ఖరగ్‌పూర్ వస్తుంది. ఇది పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ పెద్ద వర్క్‌షాపు కట్టింది. రైల్వే పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ఏర్పడింది. ఖరగ్‌పూర్ అందులో ఒక డివిజను. ఈ ఊరిలో తెలుగు నేటికీ వినిపిస్తుంది.

9.3 కార్డు ఎవరికి?

రైల్వే ఉద్యోగికి, అతనిపై ఆధారపడిన కుటుంబానికి రైల్వే ఆసుపత్రిలో వైద్యం అందుతుంది. ఈ సదుపాయం ఉద్యోగాన్ని బట్టి వచ్చేదే కాని, ఊరిని బట్టి వచ్చేది కాదు.

ఒక కుటుంబాన్ని ఊహించండి. తాతగారు వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు, నాన్నమ్మకు కార్డు ఉంది. కొడుకుకు రైల్వే ఉద్యోగం రాలేదు. బజారులో ఒక కొట్టులో పని చేస్తున్నాడు. చదువు ముగించి, సంపాదనలో పడ్డ కొడుకు తండ్రి కార్డు కిందికి రాడు. అతని పిల్లలూ రారు.

అతనికి మూడు వారాలుగా దగ్గు. సాయంత్రాలు జ్వరం. "ఆసుపత్రికి వెళ్లరా" అంటుంది తల్లి. "మనకిప్పుడు ఆసుపత్రి ఎక్కడిదమ్మా?" అని, మందుల షాపులో సిరప్పు కొనుక్కుంటున్నాడు.

అతడు ఎక్కడ పొరబడ్డాడు? ఆలోచించండి. రైల్వే కార్డు లేనివారికి రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఖరగ్‌పూర్‌లో సబ్‌డివిజనల్ ఆసుపత్రి ఉంది. అక్కడ ఎవరి ఉద్యోగమూ అడగరు.

9.4 దగ్గు రెండు వారాలు దాటితే

దగ్గు రెండు వారాలకు మించితే క్షయ ఏమో అని పరీక్ష చేయించుకోవాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, కఫంలో రక్తం ఇతర లక్షణాలు.

క్షయ క్రిమిని 1882లో జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాక్ కనుగొన్నాడు. రోగి దగ్గినప్పుడు క్రిములు గాలిలో కలుస్తాయి. గాలి ఆడని ఇరుకు గదులలో ఇతరులకు సులభంగా అంటుతాయి. కొడుకు దగ్గితే, కార్డు ఉన్న తాతగారికీ అంటవచ్చు. అందువల్లనే క్షయను సమాజ ఆరోగ్య సమస్య అంటాము.

ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష, మందులు ఉచితం. సాధారణంగా ఆరు నెలలు మందులు వాడాలి. నెల రెండు నెలలకే దగ్గు తగ్గిందని మానేస్తే క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. ఇంట్లో మిగతావారికీ పరీక్ష చేయించాలి. రోగి పోషకాహారానికి కేంద్ర ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చింది. 2024 నవంబరులో దానిని 1,000 రూపాయలకు పెంచింది.

9.5 డాక్టరుకు ఎలా చెప్పాలి?

భాష రాదని వెనుకాడకండి. బెంగాలీ మాటలు చాలావరకు మనకు తెలిసినవే.

జ్వరం – జొర్
రక్తం – రొక్తో
కఫం – కఫ్
వారం – శొప్తాహొ (మన సప్తాహమే)
దగ్గు – కాశి

"తిన్ శొప్తాహొ ధొరే కాశి" అంటే "మూడు వారాలుగా దగ్గు" అని అర్థం. ఈ వాక్యాన్ని పైకి మూడుసార్లు చదవండి.

పాఠ్యగత ప్రశ్నలు

1. దగ్గు ____ వారాలు దాటితే పరీక్ష చేయించుకోవాలి.
2. క్షయ మందులు సాధారణంగా ____ నెలలు వాడాలి.
3. రైల్వే కార్డు లేనివారు ఎక్కడికి వెళ్లవచ్చు?
4. మీ వీధిలో ఎవరైనా చాలాకాలంగా దగ్గుతున్నారా? వారికి మీరు ఏమి చెబుతారు? నాలుగు వాక్యాలు రాయండి.

మీరు నేర్చుకున్నది

రైల్వే కార్డు ఉద్యోగితో, అతనిపై ఆధారపడినవారితో ఆగిపోతుంది. జబ్బు అలా ఆగదు. కార్డు లేకపోయినా వైద్యం ఉంది. ఆలస్యం చేయకుండా అడగడం మన పని.

జవాబులు: 1. రెండు 2. ఆరు 3. ప్రభుత్వ ఆసుపత్రికి 4. మీ సొంత మాటలలో రాయండి.