మీసాలొచ్చిన పిల్లలకూ కథలు చదవండి

పిల్లాడు కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టగానే పుస్తకం వాడి చేతిలో పెట్టి, "చదవడం వచ్చిందిగా, ఇక నువ్వే చదువుకో" అంటాం. అయిదేళ్ల వయసులో పక్కలో పడుకోబెట్టుకుని కథలు చదివిన అమ్మ, అదే పిల్లాడికి పదమూడేళ్లొచ్చాక చదవాలంటే మొహమాటపడుతుంది. వాడూ అంతే, ఫ్రెండ్స్‌కు తెలిస్తే పరువు పోతుందనుకుంటాడు. ఇద్దరి సిగ్గూ అనవసరమే. చదివి వినిపించడం చిన్నపిల్లల వ్యవహారమని మన పెద్దలెప్పుడూ అనుకోలేదు. వీధి అరుగు మీద ఒకరు భారతమో భాగవతమో చదువుతుంటే చుట్టూ చేరి విన్నవాళ్లలో పెళ్లయి పిల్లలున్నవాళ్లే ఎక్కువ. అంతెందుకు, క్యూబాలో 1865 ప్రాంతం నుంచే చుట్టల ఫ్యాక్టరీ కార్మికులు తలా కాస్త చందా వేసుకుని, పని చేస్తున్నంతసేపూ పేపర్లూ నవలలూ చదివి వినిపించే మనిషిని పెట్టుకున్నారు. మాంటెక్రిస్టో చుట్టలకు ఆ పేరు వాళ్లు చెవికోసుకుని విన్న డ్యూమా నవల నుంచే వచ్చింది.

విని అర్థం చేసుకునే శక్తీ, చదివి అర్థం చేసుకునే శక్తీ కలిసి పెరగవు. చెవి ముందుంటుంది, కన్ను వెనక వస్తుంది. సుమారు ఎనిమిదో తరగతి దాకా ఈ ఎడం ఉంటుందని 'రీడ్ అలౌడ్ హ్యాండ్‌బుక్' రాసిన అమెరికన్ జర్నలిస్టు జిమ్ ట్రెలీజ్ తల్లిదండ్రులకు నొక్కి చెప్పాడు. అంటే ఆరో తరగతి పిల్ల సొంతంగా చదవలేని పుస్తకాన్ని కూడా మీరు చదివితే హాయిగా వింటుంది.

అది ఇంగ్లిషు ఇంటి భాషైన పిల్లల లెక్క. మన ఇళ్లలో ఈ ఎడం ఎనిమిదో తరగతితో పోదు. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ మీడియంలో చదివే కుర్రాణ్ణే తీసుకోండి, డాలస్‌లో పుట్టిన పిల్లనే తీసుకోండి. తెలుగు సినిమాలో డైలాగు ఒక్క ముక్క వదలకుండా పట్టేస్తారు. అదే డైలాగు అచ్చులో ఇస్తే ఒత్తు ఒత్తుకూ ఆగి, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతారు. "మావాడికి తెలుగు రాదండీ" అని మనం బాధపడుతుంటాం. తెలుగు వచ్చు, వాళ్లను ఆపుతున్నది అక్షరాలు. అక్షరాలు దిద్దించే పని వేరే గంటలో పెట్టుకోండి. అవి కుదురుకునేదాకా కథలను ఆపి ఉంచితే, వాళ్లు ఒక్క తెలుగు కథా వినకుండానే కాలేజీకి వెళ్లిపోతారు. టీనేజి పిల్లలకు చదివి వినిపించడం ఎవరికైనా మంచిదే, తెలుగు ఇంటికి మాత్రం తప్పనిసరి అంటాను.

ఇంగ్లండ్‌లో ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 12, 13 ఏళ్ల పిల్లలతో ఒక ప్రయత్నం చేశారు. 20 మంది ఇంగ్లిష్ టీచర్లు 12 వారాల్లో రెండు నవలలు, అవీ కాస్త కొరుకుడుపడనివే, ఒకదాని వెంట ఒకటి క్లాసులో గబగబా చదివేశారు. ఆ 12 వారాల్లోనే పిల్లల చదివే శక్తి సగటున 8.5 నెలలకు సరిపడా పెరిగింది. వెనకబడ్డ పిల్లలదైతే 16 నెలలకు సరిపడా. ఈ అంకెల మాట అటుంచి, ఆ 'గబగబా' దగ్గర మనం ఆలోచించాలి. మన పద్ధతి అందుకు పూర్తిగా తలకిందులు. ఒక పేరా చదివి "ఏం అర్థమైంది చెప్పు" అంటాం. కథ అయిపోగానే "దీని నీతి ఏమిటి" అంటాం. కథ నడుస్తుంటే ఆపి మాటల అర్థాలు అడిగితే వినేవాడికి ఒళ్లు మండదూ? మాట తెలియకపోతే వాడే అడుగుతాడు. అడక్కపోతే సందర్భంలోంచి ఊహించుకున్నాడన్నమాట.

ఫ్రెంచి రచయిత డానియెల్ పెనాక్ చాలాకాలం మాస్టరుగిరీ చేసినవాడు. 1992లో వచ్చిన తన పుస్తకంలో, పుస్తకమంటేనే మొహం చిట్లించే హైస్కూలు పిల్లల క్లాసు ఒకటి చూపిస్తాడు. మాస్టరు వచ్చి, సిలబస్ ఊసెత్తకుండా, సస్కిండ్ రాసిన 'పెర్‌ఫ్యూమ్' నవల తీసి చదవడం మొదలుపెడతాడు. కంపుకొట్టే పాతకాలపు పారిస్, వాసనల పిచ్చి పట్టిన హంతకుడు. ఇలా చదివించుకునే వయసు మాది కాదని మొదట గొణిగినవాళ్లే, మాస్టరు చదివే వేగం చాలక తామే పుస్తకం సంపాదించి ముగించేస్తారు. పుస్తకాలకూ పిల్లలకూ మధ్య అడ్డం పడ్డది బద్ధకం కాదనీ, పరీక్ష భయమనీ పెనాక్ వాదన. ఇంటర్ పిల్లలున్న ఏ ఇంటివాళ్లనడిగినా అవునంటారు.

మరి ఏం చదవాలి? మొదటి పుస్తకం నవ్వించేదై ఉండాలి. మహానుభావుల జీవితాలతో మొదలుపెట్టారా, రెండో రోజు మీరొక్కరే మిగులుతారు. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం వచ్చి నూరేళ్లు దాటింది. మొగల్తూరు కుర్రాడు బారిష్టరు చదువుకు సీమకు బయల్దేరిన హడావుడి, అమెరికా వీసా, సూట్‌కేసుల తూకం తెలిసిన ఇంట్లో ఇప్పటికీ పగలబడి నవ్విస్తుంది. నవ్వు అలవాటయ్యాక యాసలోకి వెళ్లండి. నామిని 'సినబ్బ కతలు', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', యశోదారెడ్డి 'మా ఊరి ముచ్చట్లు'. చిత్తూరు, నెల్లూరు, పాలమూరు మాటలు అచ్చులో చూస్తే పిల్లలకు అడ్డదిడ్డంగా కనిపిస్తాయి, గొంతు తగలగానే తేటపడతాయి. అందులో ఒకటి మీ జిల్లాదే అయితే మరీ మంచిది. ఆఫీసు భాష కింద దాచిపెట్టిన మీ ఊరి మాట బయటికొస్తుంది. "నాన్నా, నువ్వు ఇలా కూడా మాట్లాడతావా" అని పిల్లలు విస్తుపోవడం చూడాల్సిందే.

'కన్యాశుల్కం' అయితే నోటితో పలకడానికే పుట్టింది. పాత్రలు పంచుకోండి. గిరీశం ఎవరికివ్వాలన్న తగాదా తప్పదు, ఇంట్లో అతిగా మాట్లాడే కుర్రాడికే ఇచ్చేయండి. ఇంగ్లిషు ముక్కలు కలిపి కోతలు కోసే ఆ మనిషి ఈ కాలం పిల్లలకు బాగా తెలిసినవాడే. మొత్తం చదవక్కర్లేదు, నాలుగైదు రంగాలు చాలు.

ఇంకో లాభం ఉంది, నా దృష్టిలో ఇదే పెద్దది. పద్నాలుగేళ్ల పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి "నీ మనసులో ఏముందో చెప్పమ్మా" అంటే, "ఏం లేదు" అంటుంది. కథలో మనిషి గురించైతే చెబుతుంది. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. తన నీతి నియమాల గురించి గొప్పగా అనుకునే ఒక పెద్దమనిషి, తుఫాను రాత్రి ఒక బిచ్చగత్తె పక్కన ఏమైపోయాడన్నదే కథ. ఒక్క పూటలో చదివేయొచ్చు. చదివాక పుస్తకం మూసి ఊరుకోండి. "ఆయన చేసింది కరెక్టేనా?" అన్న ప్రశ్న వాళ్ల నోటే వస్తే, అక్కణ్నుంచి మాట ఎటు పోతుందో చెప్పలేం. స్నేహాలు, డబ్బు, అబద్ధాలు, భయాలు, ఏదైనా రావచ్చు. రాకపోయినా నష్టం లేదు. ఉపన్యాసం మాత్రం అందుకోకండి.

పదిహేను నిమిషాలు చాలు. రాత్రి భోజనాలయ్యాక ఒకే వేళ పెట్టుకుంటే అలవాటు తొందరగా పడుతుంది. పిల్లలు బుద్ధిగా కూర్చోవాలని పట్టుబట్టకండి. బొమ్మలు గీసుకోనివ్వండి, దిండు మీద వాలిపోనివ్వండి, చేతిలో రూబిక్స్ క్యూబ్ తిప్పుకోనివ్వండి. ఫోన్ ఒక్కటే కుదరదు, మీదీ పక్క గదిలోనే ఉండాలి. ఈ నియమం పెద్దవాళ్లే ముందు తప్పుతారు. చదివేది ముందుగా ఒకసారి తిరగేసుకుంటే తడబాటు ఉండదు, ఎక్కడ ఆపాలో కూడా తెలుస్తుంది. ఆపడం ఎప్పుడూ తలుపు ఎవరో తట్టిన చోటే. విసుగొచ్చే వర్ణన దాటేయండి, రచయిత ఏమీ అనుకోడు. యాభై పేజీలైనా పుస్తకం పట్టుకోకపోతే మొహమాటం లేకుండా వదిలేయండి.

"నాకే తెలుగు సరిగ్గా చదవడం రాదు" అనే నాన్నలు ఈ తరంలో చాలామంది. తాతయ్యలూ అమ్మమ్మలూ ఉన్నది ఎందుకు? డాలస్‌లో మనవరాలికి గుంటూరు అమ్మమ్మ వీడియో కాల్‌లో రోజుకు రెండు పేజీలు చదివితే, "తిన్నావా, స్కూలెలా ఉంది" తర్వాత ఏం మాట్లాడాలో తెలియని ఇబ్బంది ఇద్దరికీ తీరుతుంది. దూరం అడ్డమేమీ కాదు. అమెరికాలో జిమ్ బ్రోజినా అనే స్కూలు లైబ్రేరియన్ తన కూతురికి తొమ్మిదేళ్ల వయసు నుంచి కాలేజీకి వెళ్లేదాకా వరుసగా 3,218 రాత్రులు చదివి వినిపించాడు. కూతురు ఆలిస్ ఓజ్మా 2011లో దాని మీద పుస్తకమే రాసింది. అర్ధరాత్రి దాటకూడదు, పది నిమిషాలకు తగ్గకూడదు, పక్కన లేని రోజు ఫోన్‌లోనైనా చదవాలి, ఇవీ వాళ్ల నియమాలు. అంత పంతం మనకు అక్కర్లేదు. రేపు ఫిజిక్స్ పరీక్ష ఉన్నవాణ్ణి వదిలేయండి. హాస్టల్లో ఉన్నవాడికి సంక్రాంతి సెలవుల్లో చదవండి.

పదో తరగతి పిల్లయితే వారానికి ఒకరోజు పుస్తకం తన చేతికిచ్చి, మీరు వినండి. తమ్ముడికి చదివి పెట్టమంటే ఇంకా ఉత్సాహపడుతుంది, తడబడినా నవ్వేవాళ్లుండరు. కథ సగంలో ఉండగా పుస్తకం బల్ల మీద కనిపించలేదనుకోండి, ఎవరు తీశారని ఆరా తీయకండి. రెండో పుస్తకం సిద్ధం చేసుకోండి.