దుబాయి ఎన్ని గంటల దూరం?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఏ వాడలో చూసినా గల్ఫ్‌కు పోయినవాళ్లు ఉంటారు. ఈ మూడు ఊళ్లలోనూ విమానాశ్రయం లేదు. ఒకప్పుడు చాలామంది బొంబాయి పోయి విమానం ఎక్కేవాళ్లు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. ఇప్పుడు ఎక్కువమంది అక్కడినుంచే పోతున్నారు.

కోరుట్ల దగ్గర ఒక ఇంట్లో కొడుకు దుబాయి పోవాలి. టికెట్ వచ్చింది. "15వ తారీఖు రాత్రి విమానం" అని ఏజెంటు చెప్పిపోయిండు. 15న పొద్దున బస్సెక్కితే చాలు అనుకున్నారు.

కోడలు బీడీల చేట పక్కన పెట్టి టికెట్ చూసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. అంకెలు వచ్చు. రాత్రి బడిలో నేర్చుకుంది.

"అత్తమ్మా, ఇక్కడ 00:40 అని ఉన్నది."

"సున్నా గంట ఉంటదా బిడ్డా? అచ్చుతప్పు అయి ఉంటది."

అచ్చుతప్పు కాదు. టికెట్ మీద రోజుకు 24 గంటలు లెక్క రాస్తారు. పగలు ఒంటిగంట అంటే 13:00. రాత్రి తొమ్మిది అంటే 21:00. అర్ధరాత్రి పన్నెండు కాగానే 00:00. అక్కడే తారీఖు మారుతుంది. మనకు తెల్లారితేనే రోజు మారినట్టు. టికెట్‌కు అట్లా కాదు.

అంటే 15వ తారీఖు 00:40 అంటే, 14 రాత్రి పన్నెండు దాటిన 40 నిమిషాలకు. 15 రాత్రి పోతే విమానం ఉండదు. టికెట్ పైసలు పోతాయి. అవి మిత్తికి తెచ్చిన పైసలు.

ఆలుమగలు కూర్చొని వెనకనుంచి లెక్క కట్టారు. విమానాశ్రయానికి మూడు గంటల ముందు చేరాలి. అంటే 14 రాత్రి 9:40కి. కోరుట్ల నుంచి వేములవాడ, సిరిసిల్ల, సిద్దిపేట మీదుగా హైదరాబాద్, అక్కడినుంచి శంషాబాద్. రెండు వందల కిలోమీటర్ల పైనే. ఆరేడు గంటలు పడుతుంది. నడుమ బస్సు టైరు పంచరైతే? 14న పగటి పన్నెండుకే బయలుదేరాలని అనుకున్నారు.

శంషాబాద్ నుంచి దుబాయికి గాలిదారిన సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం నాలుగు గంటల లోపే పోతుంది. దూరం పది రెట్లకు పైన. సమయం మాత్రం బస్సుకన్నా తక్కువ!

టికెట్ మీద దుబాయి చేరే గంట 03:00 అని ఉంది.

"రెండు గంటల ఇరవై నిమిషాలేనా? మూడింటికే ఫోన్ చేస్తడు" అన్నది అత్త.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. చేరే గంటను దుబాయి గడియారం ప్రకారం రాస్తారు. దుబాయి మనకు పడమర దిక్కున ఉంది. సూర్యుడు ముందు మనకు పొడుస్తాడు, తర్వాత వాళ్లకు. అందుకే వాళ్ల గడియారం మనకన్నా గంటన్నర వెనుక. అక్కడ 3:00 అయితే ఇక్కడ 4:30. ప్రయాణం 3 గంటల 50 నిమిషాలు. దిగినాక పాస్‌పోర్టు చూపించాలి, సామాను తీసుకోవాలి. ఫోన్ ఇంకా ఆలస్యం అవుతుంది.

కోడలు ఇదంతా చెప్పింది. అయినా ఆ తల్లి మూడింటికే లేచి కూర్చున్నది. ఫోన్ వచ్చేసరికి ఆరు కావచ్చింది.

మస్కట్ గడియారం కూడా దుబాయి లెక్కే. సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్ గడియారాలు మనకన్నా రెండున్నర గంటలు వెనుక.

లెక్క చేయండి: సౌదీలో ఉన్న మనిషి అక్కడి గడియారంలో రాత్రి 9 గంటలకు పని దిగి ఇంటికి ఫోన్ చేస్తాడు. అప్పుడు మన ఇంట్లో ఎన్ని గంటలు?