నిలబెట్టేది ఉప్పు, కాపలా కాసేది నూనె
(అనుభవ పాఠాలు)

ధర్మపురి, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఎండాకాలం అంటే తొక్కుల కాలం. జగిత్యాల పక్కన చల్గల్ మార్కెట్‌కు మామిడికాయలు దిగే రోజుల్లోనే మా గోదావరి ఒడ్డు ఇండ్లల్లో జాడీలు కడిగి ఎండకు పెడతాం. ఆ తొక్కు సిరిసిల్ల నేతన్నలతో భివండికి, షోలాపూర్‌కు పోయింది. గల్ఫ్‌కు పోయిన పిల్లల సంచుల్లో దుబాయికి, మస్కట్‌కు ఇప్పటికీ పోతూనే ఉంది. ఈమధ్య అక్కడి నుంచి ఫోన్లో ఒక మాట తరచుగా అడుగుతున్నారు: "అత్తమ్మా, ఇక్కడ ఆలివ్ నూనె బాగా దొరుకుతది. దాంట్లో ఏది వేసినా నిలువ ఉంటదట, నిజమేనా?" జాడీల మధ్య పెరిగి ముసలిదాన్నయిన నేను ఇచ్చే జవాబు ఇది.

1. నూనె ఒక్కటే దేన్నీ నిలువ ఉంచదు. తొక్కును నిలబెట్టేవి ఉప్పు, పులుపు. నూనె వాటికి కాపలా. గాలి తగలనివ్వదు కాబట్టి పైన బూజు పట్టదు, ముక్క నల్లబడదు, కారం రంగు చెడదు. కానీ నూనె క్రిములను చంపదు. ముక్కలో ముందే చేరిన చెడును అది బయటికి పంపలేదు. ఈ ఒక్కటి మనసుకు పడితే మిగిలిన పాఠాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

2. తడి ఉంటే ఏ నూనే కాపాడదు. కాయలు కడిగాక పొడిబట్టతో తుడవాలి. కొట్టిన ముక్కల్లో జీడి, దాని మీది పొర తీసేసి, నీడలో ఆరబెట్టాలి. జాడి, గంటె, కలిపే చెయ్యి అన్నీ పొడిగా ఉండాలి. మన వైపు నూనెను కాచి, పోపు పెట్టి, పూర్తిగా చల్లారాకే తొక్కులో పోస్తాం. కాచినప్పుడు నూనెలో ఉన్న కాస్త తేమ కూడా పోతుంది. వేడి నూనె పోస్తే ముక్క ఉడికి మెత్తబడుతుంది, అందుకే ఆ ఓపిక.

3. ఉప్పు జాడిలో తగ్గించకండి, కంచంలో తగ్గించండి. కిలో ముక్కలకు 150 నుంచి 200 గ్రాముల దొడ్డుప్పు ఎండబెట్టి, దంచి వేయాలి. ముక్కలోని నీళ్లను బయటికి గుంజేది ఆ ఉప్పే. బీపీ ఉందని ఉప్పు సగం వేసి, పైన నూనె రెండింతలు పోసినంత మాత్రాన తొక్కు నిలవదు. బీపీ ఉన్నవాళ్లు తొక్కు తక్కువ వేసుకోవాలి, లేదా కొద్దిగా కలుపుకొని ఫ్రిజ్‌లో పెట్టి తొందరగా తినేయాలి.

4. పులుపు లేని పచ్చిదాన్ని నూనెలో ముంచి అరలో పెట్టకండి. అన్నింటికంటే గట్టిగా చెప్పాల్సిన పాఠం ఇదే. ఎల్లిగడ్డ మట్టిలో పెరుగుతుంది. మట్టిలో బోటులినమ్ అనే క్రిమి విత్తనాల రూపంలో ఉంటుంది. గాలి తగలని చోట, తేమ ఉండి పులుపు లేకపోతే అది మొలకెత్తి విషం తయారు చేస్తుంది. ఆ విషానికి నరాలు చచ్చుబడతాయి, ఊపిరి ఆడదు. నూనెలో వేసిన పచ్చి ఎల్లిగడ్డ దానికి సరిగ్గా అలాంటి చోటే. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక హోటల్లో వాడిన నూనె ఎల్లిగడ్డ వల్ల 36 మంది ఈ జబ్బున పడ్డారు. 1989లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం కింగ్‌స్టన్‌లో మరో ముగ్గురు పడ్డారు, అక్కడ వాడింది ఆలివ్ నూనే. ఆ తర్వాతే అలాంటి సరుకులో పులుపు కలిపి తీరాలని అమెరికా ప్రభుత్వం కట్టడి చేసింది.

మరి మన తొక్కులో అల్లం, ఎల్లిగడ్డ ఉన్నా ఏమీ కాదెందుకు? మామిడి పులుపు వల్ల. పులుపును పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు. అంకె తగ్గితే పులుపు పెరిగినట్టు. 4.6కు దిగువన బోటులినమ్ పెరగలేదు. పచ్చి మామిడి దాదాపు 3 దగ్గర ఉంటుంది, పైగా ఉప్పు తోడు. టమాట మాత్రం హద్దు మీదే ఉంటుంది. అందుకే మన పెద్దలు టమాట ముక్కలను ఎండబెట్టి, చింతపండు చేర్చి తొక్కు పెట్టారు. ఆ చింతపండును రుచి కోసమే అనుకొని మానేయకండి. ఉత్త ఎల్లిగడ్డ నూనె కావాలంటే కొద్దిగా చేసుకొని, ఫ్రిజ్‌లోనే పెట్టి, నాలుగు రోజుల్లో వాడేయండి.

5. మన నేలకు మన నూనె ఉంది. జగిత్యాల వైపు ఎండాకాలం పంటగా నువ్వులు పండుతాయి. అక్కడి పొలాస వ్యవసాయ పరిశోధన స్థానంలో తయారైన శ్వేత తిల్, జగిత్యాల తిల్-1 రకాలు రైతులకు తెలిసినవే. నువ్వుల నూనెలో సెసమాల్, సెసమోలిన్ వంటి పదార్థాలు ఉంటాయి. అందువల్ల ఆ నూనెకు ముక్కిన వాసన తొందరగా రాదు. పల్లినూనెతోనూ తొక్కు బాగుంటుంది. ఏ నూనె అయినా తాజాది, నమ్మకమైన గానుగదో దుకాణానిదో తీసుకోండి. పాత నూనెతో పెట్టిన తొక్కుకు మొదటి రోజు నుంచే ఆ పాత వాసన పడుతుంది.

6. ఆలివ్ నూనె తప్పు కాదు. ఆ నూనె అలవాటున్న దేశాల వాళ్లు దాన్ని ఎలా వాడతారో చూడండి. గల్ఫ్ దుకాణాల్లో మక్దూస్ అని దొరుకుతుంది, సిరియా, లెబనాన్ వాళ్ల వంట. చిన్న వంకాయలను ఉడికించి, ఉప్పు పెట్టి, బరువు కింద ఉంచి నీళ్లన్నీ పిండేశాకే ఆలివ్ నూనెలో వేస్తారు. ఇటలీలో కూరగాయలను ముందు వెనిగర్‌లో ఉడికిస్తారు. అంటే ముందు ఉప్పు, పులుపు, ఆ తర్వాతే నూనె. మామిడి తొక్కు ఆలివ్ నూనెతో పెట్టుకోవచ్చు గానీ, ఘాటైన రకానికి కాస్త చేదు ఉంటుంది, కాబట్టి ముందు చిన్న సీసాలో పెట్టి చూడండి. ఫ్రిజ్‌లో అది గడ్డకడితే చెడిపోయిందని భయపడకండి, బయట పెడితే కరుగుతుంది.

7. నూనె ముక్కల మీద నిలబడాలి. మూడో రోజు అడుగు నుంచి కలిపి చూడండి. ముక్కలు తేలి కనిపిస్తే మళ్లీ నూనె కాచి, చల్లార్చి పోయాలి. అమ్మకానికి పెట్టే నూనె పచ్చళ్లకు ప్రభుత్వ నియమం కూడా ఇదే చెబుతుంది: పైన కనీసం అర సెంటీమీటరు నూనె పొర ఉండాలి, లేదా మొత్తంలో 10 శాతం నూనె ఉండాలి.

8. జాడి పింగాణీదో గాజుదో కావాలి. ఉప్పు, పులుపు కలిసి లోహాన్ని తింటాయి. వెలుతురు, వేడి నూనెను పాడుచేస్తాయి కాబట్టి పొయ్యి పక్కన, కిటికీ దగ్గర పెట్టకండి. పెద్ద జాడిని రోజూ తెరవకుండా, వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకోండి.

9. అనుమానం వస్తే పారేయండి. బూజు పైన కనిపించిందంటే లోపలికీ దిగి ఉంటుంది, గీకేసి తినకండి. బుడగలు వచ్చినా, మూత ఉబ్బినా అంతే. బోటులినమ్ విషానికి వాసన, రుచి ఉండవు, నాలుక మీద వేసుకొని పరీక్ష చేయవద్దు.

బిడ్డా, మీరు మస్కట్‌లో ఉన్నా, కోరుట్లలో ఉన్నా, నూనె సీసా చేతికి తీసుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: ముక్క ఆరిందా? ఉప్పు సరిపోయిందా? పులుపు ఉందా? మూడింటికీ అవునని జవాబు వస్తే ఏ మంచి నూనె అయినా పోయండి. ఒక్కదానికి కాదని వచ్చినా అది నిలువ పెట్టేది కాదు, ఆ పూటకే వండుకొని తినండి.