రాజు బల్లయొద్ద నలుగురు విద్యార్థులు

పెద్దల బైబిలు తరగతికి, యౌవనస్థుల కూటమికి పాఠము
పాఠ్యభాగము: దానియేలు 1:1-21, 2:17-18, యిర్మీయా 29:1-14
కంఠస్థ వాక్యము: దానియేలు 1:8



జూలై, ఆగస్టు నెలలు వచ్చాయంటే మన సంఘములలో ఒక ప్రార్థన మనవి తప్పక వినబడుతుంది. ఫలానా వారి అబ్బాయికి అమెరికాలో సీటు వచ్చింది, ఫలానా వారి అమ్మాయి ఇంగ్లండు వెళుతోంది. సీటు కొరకు ప్రార్థిస్తాము, బ్యాంకు రుణము కొరకు ప్రార్థిస్తాము, వీసా కొరకు ఉపవాసముండి ప్రార్థిస్తాము. విమానము క్షేమముగా దిగిందని వాట్సాప్‌లో కబురు రాగానే స్తోత్రము చెల్లించి ఆ మనవిని ముగిస్తాము. అయితే అసలు పరీక్ష అక్కడినుండే మొదలవుతుంది. రెండు పెట్టెలతో హాస్టలు గదిలో అడుగుపెట్టి, పరిచయములేని మనిషికి ఎదురుగా పక్క పరచుకున్న రాత్రి మొదలుకొని మూడు నాలుగు నెలలు, ఆ బిడ్డ ఎవరితో మాట్లాడుతున్నాడు, ఆదివారము ఎక్కడ ఉంటున్నాడు అని అడిగేవారు తక్కువ. ఈ పాఠము ఆ గదిని గూర్చినది.

విదేశములో చదువుకొనేవారి వసతిని గూర్చి బైబిలులో ఒక అధ్యాయమే ఉన్నది. అది దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము.

వారు అంగీకరించినవి

యెహోయాకీము ఏలుబడిలో మూడవ సంవత్సరమున, అనగా క్రీ.పూ. 605 ప్రాంతమున, నెబుకద్నెజరు యెరూషలేమును ముట్టడించాడు. రాజవంశీయులలోను ప్రధానుల పిల్లలలోను తెలివిగలవారిని ఏరి బబులోనుకు తీసుకుపోయారు. అక్కడ వారికి మూడేండ్ల చదువు. కల్దీయుల భాష, కల్దీయుల గ్రంథములు. భోజనము ప్రతిదినము రాజు బల్లనుండి వచ్చేది. బస, భోజనము, చదువు అన్నీ ఉచితము. ఇటువంటి స్కాలర్‌షిప్పు నేడు వస్తే మన ఇండ్లలో కృతజ్ఞతకూటము పెట్టేవారమే. వారు చెరపట్టబడి వెళ్లారు, మన పిల్లలు లక్షల రుణము తెచ్చుకొని కోరి వెళుతున్నారు. ఆ తేడాను మరువరాదు. అయినను కొత్తచోట మొదటి రాత్రి నిద్రపట్టకపోవడము ఇద్దరికీ ఒకటే.

పేర్ల సంగతి చూడండి. దానియేలు, హనన్యా, మిషాయేలు, అజర్యా అనే నాలుగు పేర్లలోను ఇశ్రాయేలు దేవుని నామము ఏదో ఒక రూపమున ఉన్నది. వాటిని తీసివేసి బెల్తెషాజరు, షద్రకు, మేషాకు, అబేద్నెగో అని పెట్టారు. బెల్తెషాజరు అనేది తన దేవత పేరును బట్టి పెట్టినదని రాజే చెప్పినట్లు 4:8లో చదువుతాము. ఇంత జరిగినా ఆ నలుగురు పేర్ల కొరకు పోరాడినట్లు ఎక్కడా లేదు. భాష నేర్చుకున్నారు. అన్యుల గ్రంథములు చదివారు. అరకొరగా చదవలేదు, శకునగాండ్రకంటె పదియంతలు శ్రేష్ఠులనిపించుకొనేంతగా చదివారు (1:20).

తలిదండ్రులు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. మనము పిల్లలను పంపేటప్పుడు ఆవకాయ సీసాతోపాటు పెద్ద జాబితా ఒకటి కట్టి ఇస్తాము. వారి తిండి తినవద్దు, వారి బట్టలు కట్టవద్దు, వారితో కలువవద్దు, మనవారితోనే ఉండు. ఇందులో విశ్వాసమునకు సంబంధించినది ఎంత, మన అలవాటుకు సంబంధించినది ఎంత? అధ్యాపకుడు సువర్ణరాజు అని పలుకలేక రాజ్ అని పిలిస్తే విశ్వాసము పోదు. మొదటి సంవత్సరపు విద్యార్థులు హాస్టలు భోజనశాలకే డబ్బు కట్టి తీరాలనే నియమము చాలా కళాశాలల్లో ఉన్నది. అక్కడి ఉప్పు కారము లేని కూర తింటే విశ్వాసము పోదు. అర్ధరాత్రి పోపు పెడితే పొగ గంట మోగి, ఆ అంతస్తువారే కాక భవనమంతటివారు చలిలో బయటకు వచ్చి నిలబడవలసి వస్తుంది. కాబట్టి పోపు మానుకోవడము కూడా ఒక విధముగా పొరుగువానిని ప్రేమించడమే. గది ఊడవడము, స్నానాలగది కడగడము, తన బట్టలు తాను ఉతుకుకోవడము వచ్చి ఉండాలి. మన అబ్బాయిలకు ఇంట్లో తల్లి, చెల్లి చేసిపెట్టడము అలవాటు. ఇక్కడ మద్రాసులో వైద్యము చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్ వెళ్లి, జరుగుబాటు కొరకు ఆసుపత్రిలో రాత్రిపూట పనివానిగా రోగుల మలమూత్రపు పాత్రలు కడిగారు. ప్రపంచమునకు మందులు కనిపెట్టిన చేతులు అవే.

ఒక్క సంగతి

ఇన్నిటిని అంగీకరించిన దానియేలు ఒక్కచోట ఆగాడు. రాజు భోజనముచేతను ద్రాక్షారసముచేతను తన్ను అపవిత్రపరచుకొనకూడదని నిశ్చయించుకున్నాడు. కారణము వివరముగా వ్రాయబడలేదు. మాంసము ధర్మశాస్త్రమునకు విరోధమైనది కావచ్చు, విగ్రహములకు అర్పించినది కావచ్చు. అయితే ద్రాక్షారసమును ధర్మశాస్త్రము సామాన్య యూదులందరికీ నిషేధించలేదు గదా! అందువలన ఇది కేవలము పెద్దలిచ్చిన జాబితా కాదని నా అభిప్రాయము. ఏది తన్ను రాజు మనిషిగా మార్చివేస్తుందో ఆ యువకుడు తనంతట తానే చూచుకొని, అక్కడ గీత గీసుకున్నాడు. ఆ నిశ్చయము జరిగినది హృదయములో. తండ్రి ప్రక్కన లేడు, యాజకుడు లేడు, అడిగేవారు ఎవరూ లేరు.

మన పిల్లలకు ఆ ఒక్క సంగతి ఏది? అందరికీ ఒకటే అని చెప్పలేము. శుక్రవారపు రాత్రి గ్లాసు చేతికిచ్చేవారు మన పిల్లవాని శత్రువులు కారు, చాలాసార్లు మంచి స్నేహితులే. అందుకే కష్టము. ఆ గ్లాసు చేతికి వచ్చిన తరువాత ఆలోచించేవాడు ఓడిపోతాడు. ప్రయాణమునకు ముందే, పెట్టెలు సర్దే వారములో, తాను దేనిని విడువడో ఒక్క వాక్యముగా తన చేతితో తానే కాగితము మీద వ్రాసుకోవాలి. తలిదండ్రులు దానిని చెప్పి వ్రాయించకూడదు. ఏమి వ్రాశావు అని అడగనూ కూడదు.

అడిగిన తీరు

నిశ్చయించుకున్న తరువాత దానియేలు కేకలు వేయలేదు, అన్నము మాని అలగలేదు. మొదట నపుంసకుల యధిపతియైన అష్పెనజును వేడుకున్నాడు. ఆయనకు దయ ఉన్నా భయము కూడా ఉన్నది. పిల్లల ముఖములు వాడిపోతే తన తల పోతుంది. దానియేలు ఆ భయమును గుర్తించాడు. అక్కడితో వదలక, తమ మీద నియమింపబడిన నియామకుని యొద్దకు వెళ్లి పది దినముల పరీక్ష కోరాడు. శాకధాన్యములు, నీళ్లు ఇచ్చి చూడండి, తరువాత మీకు తోచినట్లు చేయండి అన్నాడు. ఎదుటివానికి నష్టము లేకుండ, గడువు పెట్టి, చిన్నగా అడిగాడు.

హాస్టలు గదిలో ఈ పద్ధతి ఎంతో పనికివస్తుంది. గదిలో ఉండే రెండవ విద్యార్థి తెల్లవారేదాక పాటలు పెట్టవచ్చు, స్నేహితులను తెచ్చుకోవచ్చు. మన పిల్లలు రెండు తప్పులలో ఒకటి చేస్తారు. నోరు మూసుకొని నెలలు సహిస్తారు, లేక ఒకరోజు విసిగి తగవు పెట్టుకుంటారు. అమెరికా కళాశాలల్లో మొదటి వారములలోనే గదిలోనివారు కూర్చొని, నిద్రవేళ, చదువువేళ, అతిథులు, శుభ్రత గూర్చి కాగితము వ్రాసుకొనే ఏర్పాటు చాలాచోట్ల ఉన్నది. ప్రతి అంతస్తుకు ఒక పెద్ద విద్యార్థిని బాధ్యునిగా ఉంచుతారు. ముందు గదిలోనివానితో నెమ్మదిగా మాట్లాడాలి, ఒక వారము చూడాలి, కుదరకపోతే ఆ బాధ్యుని యొద్దకు వెళ్లాలి. అది చాడీ కాదు.

నలుగురు

దానియేలు ఒంటరిగా నిలబడలేదు. రెండవ అధ్యాయములో ప్రాణాపాయము వచ్చినప్పుడు అతడు ఇంటికి వెళ్లి ముగ్గురు స్నేహితులకు సంగతి చెప్పి, కలిసి దేవుని వేడుకున్నారు. మన పిల్లవానికి ఆ ముగ్గురు ఎవరు?

ఇక్కడ ఈనాటి ఒక శోధనను చెప్పక తప్పదు. ఆరాధన ఇప్పుడు ఫోనులో వస్తుంది. చెన్నైలో ఆదివారము ఉదయము తొమ్మిది గంటల ఆరాధన న్యూయార్కులో శనివారము రాత్రి పదిన్నరకో పదకొండున్నరకో కనబడుతుంది. బిడ్డ దుప్పటి కప్పుకొని మన పాటలు వింటాడు, అమ్మా చూశాను అని చెబుతాడు, మనము సంతోషిస్తాము. మరునాడు అక్కడ ఆదివారము. ఆ ఊరి సంఘము తలుపు అతడు తట్టడు. ఇది ఒక నెల ఊరట ఇస్తుంది, ఒక సంవత్సరము సాగితే ఏ సంఘమునకూ చెందనివానిగా చేస్తుంది. ప్రతిరోజు రెండు గంటలు తల్లితో వీడియోలో మాట్లాడేవాడు ప్రక్కగదిలోనివానితో మాట్లాడే అవసరము లేకుండ పోతాడు. తల్లులారా, నా మాటకు నొచ్చుకోవద్దు, కొంచెము తగ్గించండి.

యిర్మీయా ఉత్తరము

దానియేలు తరువాత కొద్ది సంవత్సరములకు, క్రీ.పూ. 597లో, ఇంకొక గుంపు చెరలోనికి పోయింది. వారికి యిర్మీయా ఎల్యాశా, గెమర్యా అనే ఇద్దరి చేత ఉత్తరము పంపాడు. రెండేండ్లలో తిరిగి వస్తారని హనన్యా అనే ప్రవక్త చెప్పి ఉన్నాడు (28వ అధ్యాయము). మన హనన్యా వేరు, ఇతడు వేరు. యిర్మీయా ఆ మాటను కొట్టివేసి, డెబ్బది సంవత్సరములు పడుతుంది, ఇండ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించండి అని వ్రాశాడు. ముసలితనములో దానియేలు ఆ డెబ్బది సంవత్సరముల లెక్కను గ్రంథములలో చూచి ప్రార్థనకు కూర్చున్నాడు (9:2).

ఈ ఉత్తరము చింతాద్రిపేటలోని మనకు కొత్త కాదు. 1734లో గవర్నరు జార్జి మోర్టన్ పిట్ కాలమున కూవము వంపులో నేతగాండ్రను తెచ్చి నిలిపిన పేట ఇది. చిన్న తరి పేట అనే మాట చింతాద్రిపేట అయిందని పెద్దలు చెబుతారు. తరి అనగా మగ్గము. పని కొరకు వచ్చినవారు ఇండ్లు కట్టుకొని ఉండిపోయిన చోటులో మనము తెలుగు బైబిలు చదువుకుంటున్నాము. రెండేండ్లకే వెళుతున్నాను, అక్కడ సంఘములో చేరడము ఎందుకు అనే బిడ్డకు మన వీధే జవాబు చెప్పగలదు.

సంఘము చేయవలసినది

వలస వెళ్లినవారి వెనుక కాపరిని పంపిన చరిత్ర తెలుగు బాప్టిస్టులది. నాటాలు చెరకుతోటలకు, తేయాకుతోటలకు కూలికి వెళ్లిన తెలుగువారి కొరకు 1903లో జాన్ రంగయ్యగారిని నెల్లూరు ప్రాంతమునుండి పంపారు. పంపిన సంఘములు ధనికమైనవి కావు. సేలమునకు చెందిన కె.టి.పాల్‌గారు 1920లో వై.ఎం.సి.ఏ. తరఫున లండనులో భారతీయ విద్యార్థులకు హాస్టలు పెట్టించారు. అది నేటికీ ఫిట్జ్‌రాయ్ స్క్వేరులో నడుస్తున్నది. న్యూయార్కులో 1909లో హారీ ఎడ్మండ్స్ అనే వై.ఎం.సి.ఏ. కార్యకర్త కొలంబియా విశ్వవిద్యాలయపు మెట్ల మీద ఒక చైనా విద్యార్థికి శుభోదయము చెప్పాడు. మూడు వారములలో తనతో మాట్లాడిన మొదటి మనిషి మీరే అని ఆ విద్యార్థి అన్నాడట. ఎడ్మండ్స్ దానిని మరువలేకపోయాడు. చివరకు బాప్టిస్టు సంఘస్థుడైన చిన్న రాక్‌ఫెల్లరు ధనసహాయముతో 1924లో అక్కడ ఇంటర్నేషనల్ హౌస్ తెరవబడింది. దోర్నకల్ ప్రాంతములో పనిచేస్తుండిన అజరయ్యగారు 1910లో ఎడింబరో మహాసభలో మిషనరీలను అడిగినది కూడా డబ్బు కాదు, స్నేహము.

మన చేతిలో ఉన్నవి చిన్న పనులు. మొదటిది సభ్యత్వపు బదిలీ ఉత్తరము. రెండేండ్లకేగదా అని మనము ఇవ్వము, వారు అడగరు. ఇక్కడి రిజిస్టరులో పేరు ఉంటుంది, మనిషి ఎక్కడా ఉండడు. ప్రయాణమునకు నెల ముందే కార్యదర్శి ఆ ఊరి బాప్టిస్టు సంఘమునకు, లేదా కళాశాలలోని బాప్టిస్టు విద్యార్థి కూటమికి వ్రాయాలి. అమెరికా దక్షిణ రాష్ట్రములలో అటువంటి కూటములు చాలా కళాశాలల్లో ఉన్నవి. క్రిస్మసు సెలవులలో అనేక హాస్టళ్లు మూసివేస్తారు. ఆ వారములలో ఎక్కడ ఉంటావు అని అక్టోబరులోనే అడగండి, డిసెంబరు ఇరవైన కాదు.

రెండవది మన గుమ్మము దగ్గరే ఉన్నది. ఒంగోలు, నెల్లూరు, గుంటూరు నుండి చెన్నైకి చదువుకు వచ్చిన పిల్లలు ఆదివారము మన వెనుక బల్లమీద కూర్చొని, ఆశీర్వాదము కాగానే వెళ్లిపోతున్నారు. వారికి మనమే ఆ విదేశపు సంఘము.

తరగతిలో చర్చకు

దానియేలు పేరును అంగీకరించి భోజనమును ఎందుకు నిరాకరించాడు? మీ ఇంటి జాబితాలో పేరువంటివి ఏవి, భోజనమువంటివి ఏవి? 6:10లో యెరూషలేము తట్టు తెరచిన కిటికీకి, ఫోనులో చూచే ఆరాధనకు పోలిక ఏమి, తేడా ఏమి? యౌవనస్థులు ఈ చివరి ప్రశ్నను పెద్దలు లేనప్పుడు చర్చించడము మేలు.

వచ్చే ఆదివారము ప్రతి కుటుంబము విదేశములో చదువుచున్న తమ పిల్లల పేరు, ఊరు, వారు వెళ్లే సంఘము పేరు ఒక కాగితము మీద వ్రాసి కార్యదర్శికి ఇవ్వవలెను. సంఘము పేరు తెలియనివారు ఆ చోటు ఖాళీగా ఉంచి ఇవ్వవచ్చును.